చొక్కా ఎందుకు బ్రేక్ కాదు?

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఆదివారం ఫోన్‌లో చిన్ని అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పరీక్షలో ‘మై షర్ట్ బ్రోక్’ అని రాస్తే టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ‘టోర్’ అని దిద్దారట. "కొమ్మ విరిగినా బ్రేకే, కుండ పగిలినా బ్రేకే, తాడు తెగినా బ్రేకే. మరి చొక్కా చిరిగితే ఎందుకు కాదు తాతయ్యా?" అంది. మంచి ప్రశ్న. నాలుగు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. నిన్న పొద్దున దేవుడి దగ్గర కొబ్బరికాయ కొడుతుంటే దారి దొరికినట్టు అనిపించింది.

మా చిన్నప్పుడు కోనసీమలో దింపు తీసిన రోజున కాయలన్నీ దొడ్లో రాశిపోసేవారు. నేలలో నిలువుగా పాతిన గునపం మొన మీద కాయను ఒక్క పోటు పొడిచి, అటూ ఇటూ మెలితిప్పి పీచు వలిచేవారు. చర్రుమని చప్పుడు. ఆ పీచు విరగదు, పగలదు. లాగితే పోగు వెంట పోగు విడివడుతుంది. ఇంగ్లీషులో ‘టేర్’ అంటే అదే. మీ చొక్కా కూడా పోగులతో నేసిందే కదమ్మా! అందుకే అది చిరుగుతుంది.

పీచు కింద పెంకు. దాన్ని మొదటిసారి కొట్టగానే నడుము చుట్టూ సన్నటి గీత పడుతుంది, అందులోంచి నీళ్లు ఊరతాయి. కాయ మాత్రం ఇంకా ఒక్కటే. ఇది ‘క్రాక్’. రెండో దెబ్బకు రెండు చిప్పలవుతుంది. అప్పుడు ‘బ్రేక్’. చేయిజారిన గాజుగ్లాసులా వంద పెంకులైతే ‘షాటర్’. 

మా ఇంట్లో అప్పుడు కరెంటు లేదు. నాకు ఏడేళ్లనుకుంటా, కాళ్లు కడుక్కొచ్చి చేతి తడి విదిలిస్తే వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద రెండు చుక్కలు పడ్డాయి. టప్పుమని నిలువునా గీత! పగలగొట్టేశానని ఏడుపు మొదలెట్టాను. అమ్మ వచ్చి చూసి, "పగల్లేదురా, బీటిచ్చింది, అంతే" అని, అన్నం మెతుకులు నలిపి ఆ గీత మీద కాగితం ముక్క అతికించింది. వేడికి కాగితం అంచులు గోధుమరంగుకి మాడిపోయాయి గానీ, ఆ వేసవంతా మేం ఆ చిమ్నీ వెలుగులోనే అన్నాలు తిన్నాం. తర్వాత బళ్లో ‘క్రాక్’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ మాడిన కాగితమే కళ్లముందు కనిపించేది. మాటల పట్టీ బట్టీపట్టే ముందు వస్తువును ఒక్కసారి కళ్లారా చూడండర్రా. మాట దానంతటదే నిలబడుతుంది.

సరే, చిప్పలో కొబ్బరి ఉంది కదా. చాకు మొన గుచ్చి, అంచు వెంట కదిపి ఊడదీస్తాం. ఇక్కడ ఏదీ పగల్లేదు. చిప్పా కొబ్బరీ మొదటినుంచీ వేరువేరే, అంటుకుని ఉన్నాయంతే. ఇలా విడదీయడాన్ని ‘సెపరేట్’ అంటారు. బ్రేక్, టేర్, క్రాక్ ఇంగ్లీషు సొంతింటి పాత మాటలు. సెపరేట్ లాటిన్ నుంచి వచ్చిన చుట్టం. ఆ లాటిన్ మాటే ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చి ‘సెవర్’ అయింది, అంటే తెగ్గొట్టడం. ‘సెవెరల్’ కూడా ఆ ఇంటి పిల్లే. వేటికవి విడిగా ఉంటేనే కదా చాలా ఉన్నాయని లెక్కపెట్టగలం!

బుజ్జిగాడు ఊరుకోడు, నాకు తెలుసు. "దారమూ పోగే కదా, అది బ్రేక్ అవుతుందేం?" అంటాడు. దారం తెగితే రెండు ముక్కలవుతుంది నాన్నా. చొక్కా చిరిగినా చొక్కా ఒకటే, చిరుగుతోనే తొడుక్కోవచ్చు. మరి పాలు? మనకు పాలు విరుగుతాయి, వాళ్లకు ‘కర్డిల్’ అవుతాయి. అక్కడ నా కొబ్బరికాయ పనిచేయదు. ఏ భాష చూపు దానిదే.

కానీ ఒక్కచోట ఆ చూపులు కలిసిపోయాయి. బుజ్జీ, నువ్వు లెక్కల్లో చేసే ‘ఫ్రాక్షన్’, నిరుడు నీ చేతికైన ‘ఫ్రాక్చర్’, పార్సిల్ పెట్టె మీద అచ్చువేసే ‘ఫ్రాజైల్’, మూడూ విరగ్గొట్టడం అనే ఒక్క లాటిన్ మాటకు పుట్టినవే. మన లెక్కల పుస్తకంలో దాన్ని భిన్నం అంటాం. సంస్కృతంలో భిన్నమంటే బద్దలైనది. గుళ్లో విగ్రహానికి చెయ్యి విరిగితే ‘భిన్నమైంది’ అంటారు చూడండి, అదే మాట. అరబ్బులు భిన్నాన్ని ‘కస్ర్’ అన్నారు. దాని అర్థమూ విరగడమే! సగం, పావు, ముప్పావు కాగితం మీద రాసేటప్పుడు వీళ్లందరికీ విరిగిన ముక్కే కనిపించింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈసారి అమ్మ కొబ్బరికాయ కొట్టేటప్పుడు గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడండి. నీళ్లు పట్టే హడావుడిలో గీత చూడటం మర్చిపోకండి. అది ఎటునుంచి బయల్దేరి ఎటు పాకిందో, ఏం చప్పుడైందో గమనించండి. ఆ మధ్యాహ్నం భోజనంలో అప్పడం కూడా చూడండి. వేలితో నొక్కితే అది విరిగిందంటారా, నలిగిందంటారా? ఇంగ్లీషులో ఏమంటారు? ఇద్దరూ చెరో కాగితం మీద రాసి పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య