ట్రంకుపెట్టెలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి: అపోహలు – వాస్తవాలు

ఇల్లు మారేటప్పుడో, పెద్దవారు కాలం చేశాక పెట్టె తెరిచినప్పుడో కుటుంబాలు నన్ను పిలుస్తుంటాయి. పాత కాగితాలను భద్రపరిచే పనిలో నేను మొదట చూసేది కాగితం వయసు కాదు, అందులోని విషయం మరెక్కడైనా దొరుకుతుందా లేదా అన్నది.

అపోహ: ఎంత పాతదైతే అంత విలువైనది.
వాస్తవం: నూరేళ్ల కిందట అచ్చయిన పురాణం ఏ గ్రంథాలయంలోనైనా దొరకవచ్చు గానీ, 1978లో మీ నాయనమ్మ రాసుకున్న పద్దు పుస్తకానికి రెండో ప్రతి ఉండదు. అయితే ఆ అచ్చు పుస్తకం అట్ట లోపల ఎవరో పిల్లలు పుట్టిన తిథి, నక్షత్రం రాసిపెట్టి ఉంటే లెక్క మారిపోతుంది కనుక, పుటలన్నీ తిప్పి చూడకుండా నేను దేన్నీ పక్కన పెట్టను.

అపోహ: ఉత్తరం ఉంటే చాలు, కవరు పారేయవచ్చు.
వాస్తవం: మన పెద్దల్లో చాలామంది ఉత్తరం పైన ‘ఖర నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమి’ అని మాత్రమే రాసేవారు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి అది 1891 కావచ్చు, 1951 కావచ్చు. కవరు మీది తపాలా ముద్ర చదవగలిగేలా ఉంటే ఆ చిక్కు అక్కడికక్కడే తీరిపోతుంది.

అపోహ: ఇంట్లో ఎవరికీ చదవరాని ఉర్దూ కాగితాలు ఎందుకూ పనికిరావు.
వాస్తవం: తెలంగాణ ఇళ్లలో నేను చూసిన నష్టంలో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్ల జరిగిందే. నిజాం పాలనలో ప్రభుత్వ వ్యవహారాలు ఉర్దూలో నడిచినందువల్ల తెలుగు కుటుంబాల భూమి కాగితాలూ, శిస్తు రసీదులూ ఆ భాషలోనే ఉండేవి. వాటి మీద 1340 అని కనిపిస్తే అది సాధారణంగా ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. 590 కలిపితే సుమారుగా 1930 అని తేలుతుంది. 1954–55 నాటి ఖాస్రా పహాణీని, అంటే ఏ భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డును, భూమి తగాదాల్లో నేటికీ తిరగేస్తున్నారంటే, ఆ కాలపు కాగితాన్ని చదివించకుండా తూకానికి వేయడం ఎంత తొందరపాటో ఊహించవచ్చు.

అపోహ: లామినేషన్ చేయిస్తే కలకాలం నిలుస్తుంది.
వాస్తవం: వేడికి కరిగిన జిగురు కాగితపు పీచులోకి దిగిపోతుంది, మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. తుప్పు పట్టే పిన్నులు తీసేసి, ఆమ్లం లేని కాగితపు మడతలో, తేమా ఎండా తగలని చోట ఉంచితే చాలు.

అపోహ: ఫోన్‌లో ఫొటో తీశాక అసలుతో పని లేదు.
వాస్తవం: పాత కరెంటు బిల్లుల విషయంలో ఇది నిజమే, ఫొటో కూడా అక్కరలేదు. రిజిస్టరైన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు తీసుకునే వీలుంది. రిజిస్టరు కాని వీలునామాకు మాత్రం మీ చేతిలోని అసలు ప్రతే ఆధారం.

ఇక తాతగారి కళ్లజోడు, కుంకుమ భరిణె వంటివి. ఎవరిదో, ఎప్పటిదో ఒక చీటీ మీద రాసి దానితోపాటే ఉంచండి. గుర్తుపట్టలేని ముఖాలున్న ఫొటోలను పారేసే ముందు ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చూపించి, ఆమె చెప్పిన పేర్లను మెత్తని పెన్సిలుతో వెనకవైపు రాయండి. బాల్‌పెన్ను వాడితే గీత ముందువైపుకు పొంగుతుంది.