ఆపరేషన్ బాగానే చేసినా రెఫరల్ రాదు

2018 ఆగస్టులో టోక్యో మెడికల్ యూనివర్సిటీ పెద్దలు మీడియా ముందు తలలు వంచి క్షమాపణ చెప్పారు. ప్రవేశ పరీక్షలో అమ్మాయిల మార్కులను కావాలనే తగ్గిస్తూ వచ్చారన్న విషయం బయటపడింది. కనీసం 2006 నుంచి ఇది నడుస్తోందని విచారణలో తేలింది. పెళ్లయ్యి పిల్లలు పుట్టాక ఆడవాళ్లు ఉద్యోగం మానేస్తారు, అప్పుడు ఆసుపత్రుల్లో డాక్టర్లు చాలరు అన్నది దీని వెనక ఉన్న ఆలోచన. తర్వాత మరికొన్ని యూనివర్సిటీల సంగతీ తెలిసింది. జుంటెండో యూనివర్సిటీ ఇచ్చిన వివరణ వింటే ఎవరికైనా కోపం వస్తుంది. ఆ వయసులో అమ్మాయిలు మానసికంగా ముందే ఎదుగుతారట, ఇంటర్వ్యూలో బాగా మాట్లాడతారట, అందుకని అబ్బాయిలను ఆదుకోవాల్సి వచ్చిందట!

మరుసటి ఏడాది మార్కులను ఉన్నవి ఉన్నట్టుగా లెక్కించారు. 2018లో టోక్యో మెడికల్ యూనివర్సిటీలో పరీక్ష రాసిన అబ్బాయిల్లో 9 శాతం, అమ్మాయిల్లో 2.9 శాతం మంది గట్టెక్కారు. 2019లో అవే లెక్కలు అబ్బాయిలకు 19.8, అమ్మాయిలకు 20.2 అయ్యాయి. ఒక్క ఏడాదిలో అమ్మాయిల తెలివి పెరిగిపోలేదు. కొలిచే చేయి మారింది, అంతే.

మార్కులు దిద్దితే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతారు. కానీ చదువు పూర్తయి ప్రాక్టీసు మొదలయ్యాక జరిగే వడపోతకు కాగితం మీద ఆధారం ఉండదు. సర్జన్ బతుకంతా రెఫరల్స్ మీద నడుస్తుంది. మామూలు జబ్బులు చూసే డాక్టరు "ఫలానా వారి దగ్గరికి వెళ్లండి" అని చీటీ రాస్తేనే కేసు వస్తుంది, కేసులు వస్తేనే చేయి తిరుగుతుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో సుమారు 4 కోట్ల రెఫరల్స్‌ను పరిశీలించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడి సర్జన్లలో మగవాళ్లు 77.5 శాతం. మహిళా డాక్టర్లు రాసిన రెఫరల్స్‌లో మగ సర్జన్లకు వెళ్లినవి 79.3 శాతం, అంటే దాదాపు వాళ్ల సంఖ్యకు తగినట్టే ఉంది. మగ డాక్టర్లు రాసిన వాటిలో మాత్రం 87.1 శాతం మగ సర్జన్లకే వెళ్లాయి.

అర్థశాస్త్రవేత్త హెదర్ సార్సన్స్ ఇంకాస్త లోతుకు వెళ్లారు. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా రికార్డులు తీసుకుని, ఆపరేషన్ తర్వాత రోగి చనిపోతే ఆ రోగిని పంపిన డాక్టరు తర్వాత ఏం చేస్తున్నారో చూశారు. సర్జన్ మగవారైతే ఆ డాక్టరు నుంచి వచ్చే కేసులు పెరగడం ఆగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. మహిళ అయితే కేసులు సగానికి పైగా పడిపోతాయి. నన్ను బాగా కలవరపెట్టింది దీని తర్వాతి విషయం. ఒక మహిళా సర్జన్ దగ్గర చేదు అనుభవం అయిన డాక్టరు, మిగతా మహిళా సర్జన్లకు కూడా కొత్తగా కేసులు పంపడానికి వెనకాడుతున్నారు. మగ సర్జన్ చేతిలో రోగి పోతే అది ఆయన ఒక్కడి ఖాతాలో పడుతుంది. మహిళ విషయంలో ఆడవాళ్లందరి ఖాతాలోనూ పడుతుంది.

ఇంతకీ మహిళా సర్జన్ల చేతిలో ఫలితాలు నిజంగా బాగుండవా? ఒంటారియోలోనే 11 లక్షలకు పైగా రోగుల వివరాలను 2023లో విశ్లేషించారు. ఆపరేషన్ అయిన 90 రోజుల్లో మరణం, మళ్లీ ఆసుపత్రిలో చేరడం, పెద్ద కాంప్లికేషన్ లాంటి ఇబ్బంది ఏదో ఒకటి వచ్చినవాళ్లు మగ సర్జన్ల రోగుల్లో 13.9 శాతం, మహిళా సర్జన్ల రోగుల్లో 12.5 శాతం. రోగి వయసు, జబ్బు తీవ్రత, సర్జన్ అనుభవం, ఆసుపత్రి వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలింది. స్వీడన్‌లో లక్షన్నర పిత్తాశయం ఆపరేషన్లను చూస్తే, మహిళా సర్జన్లు సగటున 8 నిమిషాలు ఎక్కువ తీసుకున్నారు. వాళ్ల రోగులకు కాంప్లికేషన్లు తక్కువ.

దీన్ని పట్టుకుని ఆడ డాక్టర్లే గొప్ప అనడం తప్పు. ఇవన్నీ రికార్డులు చూసి చేసిన అధ్యయనాలు. ఏ రోగి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో లాటరీ వేసి నిర్ణయించినవి కావు, కాబట్టి కంటికి కనబడని తేడాలు కొన్ని మిగిలిపోవచ్చు. పైగా తేడా చిన్నదే. మా అమ్మకు ఆపరేషన్ చేయాల్సి వస్తే సర్జన్ ఆడా మగా అని చూడను, ఆ ఆపరేషన్ ఆయన గానీ ఆవిడ గానీ ఎన్నిసార్లు చేశారో అడుగుతాను. కానీ ఒక్కటి మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. మహిళా సర్జన్లను తక్కువగా నమ్మడానికి ఫలితాల్లో ఏ ఆధారమూ దొరకలేదు.

ఆ 8 నిమిషాల దగ్గర ఇంకో సంగతి ఉంది. అమెరికాలో 2017లో మామూలు జబ్బులు చూసే ప్రైమరీ కేర్ డాక్టర్ల దగ్గర జరిగిన 2.4 కోట్లకు పైగా సంప్రదింపులను చూస్తే, మహిళా డాక్టర్లు ఒక్కో రోగికి సగటున 2.4 నిమిషాలు ఎక్కువ ఇస్తున్నారని తేలింది. చూసిన రోగుల సంఖ్య తగ్గింది కాబట్టి వాళ్ల వల్ల వచ్చే రాబడి దాదాపు 11 శాతం తక్కువ. రోగి మాట పూర్తిగా వినేవారికి జీతంలో కోత పడేలా ఉంది అక్కడి పద్ధతి. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఓపీ కౌంట్, అంటే ఎంతమంది రోగులను చూశారన్న లెక్క చూసి డాక్టర్లను అంచనా కట్టే చోటా ఇదే ప్రమాదం ఉంది.

మన దగ్గర ఎంబీబీఎస్ క్లాసుల్లో సగం దాకా, కొన్నిచోట్ల సగానికి పైగా అమ్మాయిలే ఉంటున్నారు. పీజీ కౌన్సెలింగ్ దగ్గరికి వచ్చేసరికి సలహాలు మొదలవుతాయి. "ఆర్థో ఎందుకమ్మా, గైనిక్ తీసుకో, లేకపోతే డెర్మా తీసుకో, డ్యూటీలు తేలిక" అని ఇంట్లోవాళ్లూ అంటారు, సీనియర్లూ అంటారు. గైనిక్‌లో అర్ధరాత్రి కాన్పు కేసులు చూసిన వాళ్లెవరూ ఆ పని తేలిక అనరు. అంటే భయం కష్టం గురించి కాదు, ఎముకల ఆపరేషన్‌లో ఆడపిల్ల సుత్తీ రంపం పట్టుకోవడం గురించి. ఆర్థో, యూరాలజీ విభాగాల్లో మహిళలు ఇప్పటికీ అరుదుగానే కనిపిస్తారు.

ఆపరేషన్ థియేటర్ ఆడవాళ్లకు కొత్త అనుకుంటే హైదరాబాద్ చరిత్ర తిరగేయాలి. బ్రిటిష్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హయాంలో హైదరాబాద్ మెడికల్ స్కూలు 1885లో మహిళలను చేర్చుకుంది. ఆ మొదటి బ్యాచ్‌లో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ 1889లో పట్టా తీసుకుని, ఇక్కడి ఆసుపత్రుల్లో ఆపరేషన్లకు క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆవిడేనంటారు. డోసు కాస్త ఎక్కువైతే గుండె ఆగిపోయే మందు అది. నిజాం రాజ్యంలో అప్పట్లోనే ఒక ఆడమనిషి చేతికి దాన్ని నమ్మి ఇచ్చారు.

ఆడవాళ్లను తక్కువగా నమ్మే ఈ పక్షపాతం రోగుల మీదా ఉంది, అది మగ డాక్టర్ల సొత్తు మాత్రమే కాదు. ఇజ్రాయెల్‌లో నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల డిశ్చార్జి కాగితాలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, మగ రోగుల్లో 47 శాతం మందికి నొప్పి తగ్గే మందు రాస్తే, ఆడ రోగుల్లో 38 శాతానికే రాశారు. మందు రాసిన డాక్టరు మహిళ అయినా ఈ తేడా పోలేదు. ఆడవాళ్లు నొప్పిని ఎక్కువ చేసి చెబుతారన్న నమ్మకంలోనే మనమందరం పెరిగాం కదా.

అయితే అనుభవంతో ఇది మారుతుందనడానికీ ఆధారం ఉంది. ఫ్లోరిడాలో 1991 నుంచి 2010 వరకు గుండెపోటుతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల రికార్డుల్లో, మగ డాక్టర్లు చూసిన మహిళలు బతికే అవకాశం తక్కువగా కనిపించింది. కానీ పక్కన మహిళా డాక్టర్లు ఎక్కువమంది పనిచేసే చోటా, మహిళా రోగులను ఎక్కువగా చూసిన మగ డాక్టర్ల దగ్గరా ఆ తేడా తగ్గింది.

ఒంటారియోలో ఇవన్నీ బయటపడటానికి కారణం ప్రభుత్వ బీమా రికార్డులన్నీ ఒకేచోట ఉండటం. మనకూ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి దగ్గర్నుంచి డిశ్చార్జి దాకా వివరాలన్నీ ఆన్‌లైన్‌లో నమోదవుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు పేర్లు తీసేసి ఆ వివరాలను పరిశోధకులకు ఇవ్వాలి. సర్జన్ ఆడా మగా, రోగి ఆడా మగా, 90 రోజుల తర్వాత ఆ రోగి ఎలా ఉన్నారు అనే మూడు కాలమ్స్ చాలు పని మొదలుపెట్టడానికి.