72% ఎన్‌టీఎస్‌సీ: 1954 టీవీలో ఉన్న ఎరుపు ఎక్కడికి పోయింది?

లాప్‌టాప్ కొనేముందు స్పెసిఫికేషన్లు చదివే అలవాటుంటే "45% ఎన్‌టీఎస్‌సీ", "72% ఎన్‌టీఎస్‌సీ" అని ఒక ముక్క మీ కంట పడే ఉంటుంది. అదేంటో చెబుతాను, కానీ ముందు మా మేనల్లుడి సంగతి. వాడు ఒహాయోలో ఉంటాడు. కిందటి నెల అక్కడ పాత టీవీల మ్యూజియం ఒకటి చూసొచ్చి నాకో వీడియో పంపి, "మామయ్యా, 70 ఏళ్ళ నాటి కలర్ టీవీ, బొమ్మ బాగా డిమ్ముగా ఉంది గానీ ఆ ఎరుపూ ఆ ఆకుపచ్చా మా ఇంట్లో టీవీలో కూడా చూళ్ళేదు, అదెలా?" అని అడిగాడు.

రెండిటికీ జవాబు ఒకటే. ఆ శాతాన్ని కొలిచేది 1953 డిసెంబరులో అమెరికా ఖాయం చేసిన ఎన్‌టీఎస్‌సీ అనే కలర్ టీవీ ప్రమాణంతో. ఆ ప్రమాణం కోరిన రంగుల విస్తీర్ణాన్ని 100 అనుకుంటే ఇవాళ మనం "బావుంది" అనుకునే మామూలు స్క్రీన్ 72 దగ్గర ఆగిపోతుంది. ఆ 100కి దగ్గరగా వచ్చిన టీవీ మాత్రం 1954లోనే వచ్చేసింది, అమెరికన్ కంపెనీ ఆర్‌సీఏ వాళ్ళ సీటీ-100. 15 అంగుళాల ట్యూబు, ధర 1000 డాలర్లు.

సిగ్నల్ ఎలా వస్తుంది, యాంటెన్నా ఏం చేస్తుంది, అవన్నీ వదిలేస్తున్నా. నా ప్రాణమంతా ఆ గాజు లోపలివైపు చుక్కలు చుక్కలుగా అద్దిన పొడి మీదే. దాన్ని ఫాస్ఫర్ అంటారు. (మన పాఠాల్లో ఉండే భాస్వరం వేరు, ఇది వేరు, పేర్లు దగ్గరగా ఉన్నాయని పిల్లలకి కలిపి చెప్పేస్తుంటారు, దయచేసి అలా చెప్పకండి.) ఎలక్ట్రాన్ వచ్చి తగిలితే వెలిగే పొడి, అంతే. సీటీ-100లో ఆకుపచ్చ చుక్కకి విల్లమైట్, అంటే జింక్ సిలికేట్. ఎరుపు చుక్కకి జింక్ ఫాస్ఫేట్. నాకు ఒళ్ళు జలదరించే విషయం ఏంటంటే ఈ రెండిటిలోనూ వెలుగునిచ్చేది ఒకే మూలకం, పిసరంత కలిపే మాంగనీస్. అదే మాంగనీస్ అయాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు కూర్చుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది, ఆరు చుట్టుముడితే ఎర్రగా వెలుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు దాని ఎలక్ట్రాన్ల శక్తి మెట్లని అటూ ఇటూ జరుపుతారు, ఆ మెట్టు ఎత్తు మారితే దిగేటప్పుడు వదిలే కాంతి రంగు మారిపోతుంది.

మరి ఇంత మంచి ఎరుపుని ఎందుకు వదిలేశారు? అది చీకటి ఎరుపు కాబట్టి. మన కన్ను అన్ని రంగుల్నీ ఒకేలా చూడదు. కాంతి తరంగం పొడవు 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, దానికి చూపు ఎక్కువ. దాన్ని 100 అనుకుంటే 620 దగ్గర 38, 640 దగ్గరికొచ్చేసరికి 18 కూడా ఉండదు. ఆ పాత ఎరుపు బలమంతా ఆ 640 చుట్టుపక్కలే. ఎలక్ట్రాన్లు ఎంత కొట్టినా, పొడి ఎంత వెలిగినా, కంటికి ఆనేది కొంచెమే.

ముగ్గురు కలిసి పాడుతున్నారనుకోండి. ఒకరిది పీల గొంతు. ముగ్గురూ సమానంగా వినపడాలంటే మిగతా ఇద్దరూ గొంతు తగ్గించుకోవాల్సిందే, దాంతో కచేరీ మొత్తమే చిన్నదైపోతుంది. టీవీలో తెలుపు రావాలంటే మూడు రంగులూ లెక్క ప్రకారం కలవాలి, ఎరుపు పీలగా ఉంది కాబట్టి ఆకుపచ్చనీ నీలాన్నీ అణచి ఉంచాలి. పోనీ పీల గొంతాయన్నే గట్టిగా అరవమందామా, అంటే ఎరుపు చుక్కల మీదికి ఎలక్ట్రాన్లని చిమ్మే గన్‌లో కరెంటు పెంచుదామా అంటే, కరెంటు పెరిగే కొద్దీ ఎలక్ట్రాన్ల పుంజం లావెక్కి అంచులు అలుక్కుపోతాయి, అరిస్తే గొంతు బొంగురుపోయినట్టు. పైగా మధ్యలో చిల్లుల రేకు ఒకటి, షాడో మాస్క్, అది నూటికి 80కి పైగా ఎలక్ట్రాన్లని దారిలోనే మింగేస్తుంది. అందుకే సీటీ-100 చూడాలంటే గదిలో లైట్లు ఆపుకోవాల్సిందే.

స్కూల్లో న్యూటన్ చక్రం తిప్పి "చూశారా, తెలుపొచ్చింది" అంటారే, అక్కడ వచ్చేది బూడిద రంగు. నాకు తెలిసిన ప్రతి క్లాసులోనూ బూడిదే వచ్చింది, పిల్లలు మాత్రం తెలుపు అని రాసుకున్నారు. ఒక్కో రంగు ముక్కా మిగతా కాంతినంతా మింగేస్తే ఇంకేం వస్తుంది? రంగు ఎంత చిక్కగా కావాలంటే అంత వెలుగు వదులుకోవాలి. పిల్లలకి ఆ బూడిదని చూపించి ఇదెందుకు తెల్లగా లేదు అని అడిగితే ఎంత బావుంటుందో!

1960ల మొదట్లో కంపెనీలు వెలుగు వైపే మొగ్గాయి. సల్ఫైడ్ ఫాస్ఫర్లు వచ్చాయి, ఎరుపు నారింజ వైపు జరిగింది, ఆకుపచ్చ పసుపు వైపు జరిగింది. తెలుపు కూడా జరిగింది. ప్రమాణం ప్రకారం తెలుపు 6800 కెల్విన్ (తెలుపు ఛాయని కొలిచే అంకె, పెరిగే కొద్దీ నీలం పాలు ఎక్కువ) దగ్గర్లో ఉండాలి, టీవీల్ని 9300 దగ్గర పెట్టేశారు, అంటే నీలం కలిసిన తెలుపు. ఎందుకంటే నీలపు తెలుపుకి ఎరుపు తక్కువ చాలు, పీల గొంతాయన పని తేలికైపోతుంది.

1964లో యూరోపియం అనే అరుదైన మూలకం ట్యూబుల్లోకి వచ్చింది. దాన్ని ఇట్రియం వనడేట్ అనే పొడిలో కలిపితే 619 నానోమీటర్ల దగ్గర సన్నటి గీతలా, ఎరుపంతా ఒక్క చోటే వెలుగుతుంది. నారింజలోకి ఒలికిపోదు, కంటికి ఆనని 640లోకీ జారిపోదు. పీల గొంతు పోయి కంచు గొంతు వచ్చింది, దాంతో ఇన్నాళ్ళూ అణచిపెట్టిన ఆకుపచ్చా నీలం కూడా గొంతు విప్పాయి. తెర మొత్తం ఒక్కసారిగా వెలిగింది. కాలిఫోర్నియాలో యూరోపియం దొరికే మౌంటెన్ పాస్ గని అప్పట్లో పుంజుకుంది ఈ టీవీ ఎరుపు వల్లే.

ఆకుపచ్చ మాత్రం వెనక్కి రాలేదు. స్టేషన్ వాళ్ళేమో 1953 రంగుల కోసం సిగ్నల్ పంపుతున్నారు, ఇళ్ళల్లో ట్యూబులు వేరేవి. అలాగే వదిలేస్తే మనుషుల మొహాలు తేడాగా కనిపిస్తాయి. దాంతో ఇంజనీర్లు సెట్టు లోపల రంగుల్ని విడదీసే సర్క్యూట్ కోణాలూ లెక్కలూ మార్చి చర్మం రంగు సరిగ్గా వచ్చేలా సర్దారు. మొహాలు కుదిరాయి, ఎర్ర చీరలు కొట్టొచ్చినట్టు మండాయి, గడ్డి ఎండిపోయింది. మూడు పొడులు మారిపోయాక అన్ని రంగుల్నీ ఒకేసారి కుదిర్చే సర్దుబాటు లేదు, ఏ రంగు తప్పైతే జనం ఊరుకోరో దాన్ని కాపాడారు. నాకు ఇది చాలా న్యాయమైన నిర్ణయం అనిపిస్తుంది.

మనకి దూరదర్శన్ రంగుల్లో వచ్చింది 1982లో, పాల్ (PAL) అనే యూరప్ ప్రసార పద్ధతిలో. అప్పటికి ప్రమాణాలే కొత్త ఫాస్ఫర్లకి తగ్గట్టు రాసుకున్నారు కాబట్టి హైదరాబాద్‌లో తయారైన ఈసీ టీవీ చూసి పెరిగిన మా తరానికి ఆ విల్లమైట్ ఆకుపచ్చ అసలు తెలీనే తెలీదు.

మావాడు పంపిన వీడియో పదిసార్లు చూశా. అందులో సీటీ-100 తెర మీద గడ్డి మైదానం ఒకటి వచ్చింది, మామూలు ఆకుపచ్చే, ప్రత్యేకంగా ఏం లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ ఆకుపచ్చ నా ఫోన్ స్క్రీన్ చూపించగలిగే రంగుల్లోనే లేదు. వాడికి అదే రాశాను: మళ్ళీ వెళ్తే ఫోన్ జేబులో పెట్టుకుని ఆ గడ్డిని కాసేపు కళ్ళతో చూసి, ఎలా ఉందో ఫోన్ చేసి చెప్పు నాన్నా అని.