మొదటి నాలుగు పూసలు

బరంపురంలో అప్పడాలు కొనడానికి ఫోను అక్కర్లేదు, బజారులో నాలుగడుగులు వేస్తే చాలు. అయినా మొన్న విశాఖ నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు ఆటో ఎక్కకముందే ఫోను తీశాడు. "అన్నయ్యా, దీనికే ఎక్కువ స్టార్లున్నాయి. ఇక్కడికే పోదాం." జాబితాలో అన్నిటికన్నా పైనున్న కొట్టది. కొన్నాడు, తనూ ఐదు స్టార్లిచ్చాడు. మా వీధి చివర ఎన్నో ఏళ్లుగా అప్పడాలు ఒత్తుతున్న పెద్దమ్మ కొట్టు, రెండంటే రెండు రివ్యూలతో ఎక్కడో అడుగున ఉంది.

పైనుందని జనం వెళ్తారు, జనం వెళ్లారని అది పైనే ఉంటుంది. 1923లో ఎగెన్‌బెర్గర్, పోల్యా అనే గణితజ్ఞులు ఒక కుండతో ఇలాంటి లెక్కే కట్టారు. ఇంట్లో చేసి చూడొచ్చు. కుండలో ఒక ఎర్రపూస, ఒక నల్లపూస వేయండి. చూడకుండా ఒకటి తీసి, దాన్ని తిరిగి వేస్తూ అదే రంగు పూస ఇంకొకటి కలపండి. ఇలా వందలసార్లు చేస్తే ఎరుపు వాటా ఒకచోట కుదురుకుంటుంది. ఎక్కడన్నది మాత్రం ముందే చెప్పలేం. పది శాతానికెంత అవకాశమో తొంభైకీ అంతే. ఏ రంగూ గొప్పది కాదు, మొదట చేతికొచ్చిన నాలుగు పూసలే చాలావరకు తేల్చేస్తాయి.

మనుషులు పూసలు కారు, రుచి తెలిసినవాళ్లు కదా? ఈ సందేహానికి జవాబు 2006లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగంలో ఉంది. జనానికి తెలియని బృందాల పాటలు 48, విన్నవాళ్లు 14,341 మంది. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, ఏ గుంపుకి ఆ గుంపులోని డౌన్‌లోడ్ల లెక్క చూపించారు. లెక్క చూడనివాళ్ల దగ్గర 26వ స్థానంలో ఉన్న పాట ఒక గుంపులో మొదటిదైంది, ఇంకో గుంపులో 40వది! మరీ మంచివి అడుగుకి పోవడం, మరీ నాసివి పైకి రావడం అరుదే. మధ్యలోవాటికే ఏ హామీ లేదు. ఆ లెక్కల ప్రకారం పాటల్ని పైనుంచి కిందికి పేర్చి చూపిస్తే తేడాలు ఇంకా పెరిగాయి. నన్ను కలవరపెట్టేది ఇదే: లోకంలో కొట్లయినా, కాలేజీలైనా ఎక్కువభాగం ఆ మధ్యలోవే.

కుండలో మొదటే యాభైయేసి పూసలు వేస్తే వాటా సగానికి అటూఇటూగానే ఉంటుంది. జాబితా కట్టే ప్రోగ్రాములు కూడా అడుగునున్నవాటిని అప్పుడప్పుడు పైన చూపిస్తే తొలి అదృష్టం పట్టు సడలుతుంది.

మర్నాడు తమ్ముణ్ని పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఒకటి కుంపటి మీద కాల్చి చేతికిచ్చింది. "నిన్న ఇక్కడికెందుకు తేలేదు?" అన్నాడు. రెండు కట్టలు కొని, అరుగు పక్కనే నిలబడి ఫోనులో తెలుగులో నాలుగు వాక్యాలు రాశాడు. ఆ కొట్టుకది మూడో రివ్యూ.