తోడు కోసం రెండో కుక్కపిల్ల?

ప్రతి ఏడూ సంక్రాంతికి వారం పది రోజుల ముందు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, జనరేటర్ వెనకాల నుంచి కుయ్‌కుయ్‌మని చప్పుడు మొదలవుతుంది. దీనికో లెక్కుంది. కుక్కలు జతకట్టే చిత్త కార్తె అక్టోబర్ రెండో వారంలో వస్తుంది, కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు, అంటే డిసెంబర్ మధ్యకి ఈనుతుంది, పండగ నాటికి పిల్లలు తప్పటడుగులేసుకుంటూ బయటికొచ్చి అందరి కాళ్ళకీ అడ్డం పడతాయి. ఈసారి మిగిలినవి రెండు. మా పై ఫ్లోర్ వాళ్ళ పాప ఒకదాన్ని ఎత్తుకుని దించనంటే, వాచ్‌మన్ సమయం చూసి "ఒక్కటే అయితే రాత్రంతా ఏడుస్తుందండీ, రెండూ తీసుకెళ్ళండి, ఒకదానికొకటి తోడు" అన్నాడట. వాళ్ళు వచ్చి నన్నడిగారు. ఒక్కదాన్నే తెచ్చుకోండి, అదీ ఇప్పుడే వద్దు అన్నాను. నా మొహం చూస్తే కుక్కలంటే పడదేమో అనుకున్నట్టున్నారు, నిజానికి నేను ఒకప్పుడు రెండు తెచ్చుకుని నేర్చుకున్న మాట అది.

ముందు "ఇప్పుడే వద్దు" సంగతి. పండగ నాటికి ఆ పిల్లల వయసు నెల, మహా అయితే ఇంకో వారం. ఇటలీలో 140 కుక్కల యజమానుల్ని అడిగి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో సగం పిల్లలు 30 నుంచి 40 రోజుల మధ్య తల్లిని వదిలినవి, మిగతా సగం రెండు నెలలు నిండాక వదిలినవి. తొందరగా విడదీసినవాటిలో భయాలు, అదే పనిగా అరవడం, వస్తువులు కొరికి పాడుచెయ్యడం లాంటివి ఎక్కువ కనిపించాయి. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉన్న ఆ కాస్త కాలంలోనే పిల్ల తన పంటికి ఎంత పదునుందో తెలుసుకుంటుంది, గట్టిగా కొరికితే అవతలిది కుయ్యోమని ఆట ఆపేస్తుంది కాబట్టి. మన దేశంలో 2017 నాటి కుక్కల అమ్మకం నిబంధనలు కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదనే అంటున్నాయి. సెల్లార్‌లో పుట్టినదానికి ఆ నిబంధన వర్తించకపోవచ్చు గానీ దాని బుర్ర మాత్రం వేరే కాదుగా.

ఇక ఒకటా రెండా అన్నది. "తోడు" అనే మాటలోనే తిరకాసంతా ఉంది. కుక్కకి కుక్క తోడు సరిపోతుందని మనం అనేసుకుంటాం. అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ అనే ఊళ్ళో, జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని గమనించి, సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉండే కాలం వాటికి చాలా కీలకమని తేల్చారు. ఆ రోజుల్లో ఎవరితో కలిసి మెలిసి తిరిగితే వాళ్ళని జీవితాంతం తనవాళ్ళుగా చూస్తుంది. అదే ఊళ్ళో చేసి 1961లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కుక్కపిల్లల్ని ఎత్తైన కంచె వేసిన ఎకరం పొలంలో తల్లులతోనే పెంచారు, మనుషుల పొడ లేకుండా. కొన్నిటిని మాత్రం రెండో వారం, మూడో వారం, ఇలా వేరువేరు వయసుల్లో ఒక్క వారం పాటు బయటికి తెచ్చి మనుషుల మధ్య ఉంచి మళ్ళీ వదిలారు. పద్నాలుగు వారాలు వచ్చేదాకా అసలు మనిషినే దగ్గరగా చూడనివి అడవి జంతువుల్లా తయారయ్యాయి, ఆ తర్వాత ఎంత బుజ్జగించినా మిగతావాటిలా దగ్గరవలేదు. వాటికి కుక్కల తోడుకేం తక్కువ? తోబుట్టువులున్నాయి, తల్లి ఉంది, పరిగెత్తడానికి పొలమూ ఉంది. లేనిది మనిషి ఒక్కడే.

ఇళ్ళలో ఎవరూ అంత పని చెయ్యరనుకోండి. కానీ ఫ్లాట్‌లో రెండు పిల్లలుంటే ఏమవుతుందంటే, అవి పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటూ ఆడుకుంటూనే ఉంటాయి, మనకేమో హాయిగా ఉంటుంది, పాపం వాటి మానాన అవి ఆడుకుంటున్నాయిలే అని ఫోన్ చూసుకుంటాం, ఆ కీలకమైన వారాలు అలా జారిపోతాయి. ఒక్కటే ఉంటే మన వెంట పడుతుంది, కాలి బొటనవేలు కొరుకుతుంది, విసిగిస్తుంది. ఆ విసిగించడమే దాని చదువు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇంకోటుంది, 1996లో వచ్చింది. ఎనిమిది వారాల వయసు నుంచీ జంటగా ఒకే గదిలో పెరిగిన తోబుట్టువులు, అప్పటికి ఏడు నుంచి తొమ్మిదేళ్ళవి. అలవాటైన గదిలోంచి ఒకదాన్ని నాలుగు గంటలు తీసేస్తే, మిగిలినదాని ఒంట్లో టెన్షన్‌కి గుర్తుగా పెరిగే హార్మోన్లు పెద్దగా కదల్లేదు. కొత్త చోటికి తీసుకెళ్తే మాత్రం 50 శాతం పైగా పెరిగాయి, పక్కన ఇన్నేళ్ళ తోబుట్టువు ఉన్నా సరే పెరిగాయి. రోజూ చూసుకునే మనిషి పక్కన ఉన్నప్పుడే అలా పెరగలేదు. కొత్త చోట ధైర్యం ఇచ్చింది మనిషి. (కుక్క విశ్వాసం గురించి మనకి బోలెడు కథలున్నాయి, వాటి రక్తపరీక్ష కూడా అదే అంటోంది.)

నా రెంటి పేర్లు బెల్లం, మిరియం. రెండూ ఆడవే, ఒకే ఈతవి. నాలుగు నెలలు ఇల్లంతా సందడి. తర్వాత బెల్లానికి విరేచనాలైతే దాన్నొక్కదాన్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, అది ఆటోలో వణుకుతూనే ఉంది, ఇంట్లో మిరియం ఎంత గోల చేసిందంటే కింద ఫ్లాట్ ఆయన మెట్లెక్కి వచ్చాడు. పేరు పెట్టి పిలిస్తే రెండూ వచ్చేవి లేదా రెండూ వచ్చేవి కావు, అంటే ఏ పేరు ఎవరిదో రెంటికీ తెలియదన్నమాట. ఎనిమిదో నెల దాటాక గిన్నె దగ్గర మొదలైన గుర్రుమనడం ఒక రోజు చెవి చిరిగేదాకా వెళ్ళింది. ట్రైనర్లు దీన్ని లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అంటారు, లిట్టర్‌మేట్ అంటే ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువు. అది వైద్యులు నిర్ధారించే జబ్బేమీ కాదు, వాడుక మాట, పైగా పేరు కూడా కాస్త తప్పే, వేరు వేరు తల్లుల పిల్లలైనా ఒకే వయసువి కలిపి పెంచితే ఇదే జరగొచ్చు. ఎదిగాక రెండు ఆడకుక్కల మధ్య గొడవ మాత్రం కొత్త విషయం కాదు. అమెరికాలో ఒకే ఇంటి కుక్కలు కొట్టుకున్న 38 కేసుల్ని పరిశీలిస్తే 79 శాతం ఒకే లింగం జంటలు, మూడింట రెండొంతుల కేసుల్లో ఆడకుక్క ఉంది. తెచ్చుకునే ముందు నాకీ సంగతి ఎవరైనా చెప్పుంటే ఎంత బావుండేది.

ఇక్కడ పై ఫ్లోర్ ఆయన మంచి ప్రశ్నే వేశాడు: మరి వీధిలో అన్నీ కలిసే పెరుగుతాయి కదండీ, వాటికేమైంది? కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ పరిశోధకులు 95 ఈతల్లో పుట్టిన 364 వీధి కుక్కపిల్లల్ని వెంబడించి లెక్కేశారు. ఏడు నెలల వయసుకి మిగిలినవి 19 శాతమే. అంటే సగటున ఒక ఈతకి ఒక్కటి కూడా మిగల్లేదు. మన వీధి చివర దర్జాగా పడుకున్న కుక్క చాలాసార్లు తన ఈతలో ఒంటరిగా బతికి బయటపడ్డదే. పైగా దానికి గోడల్లేవు, టీ బండి వాడూ, చెత్త బండి చప్పుడూ, బడిపిల్లలూ, పక్క వీధి శత్రువులూ అందరూ పాఠాలు చెప్పారు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో అది కుదరదు.

రెండూ కావాలనే పట్టుదల ఉంటే చెయ్యలేనిది కాదు, కాకపోతే రెండు పిల్లల్ని పెంచడమంటే ఒక పిల్లని రెండుసార్లు పెంచడం. పడక వేరు, గిన్నె వేరు, రోజూ ఒక్కోదాన్ని విడిగా బయటికి తిప్పడం, కూర్చో ఆగు అని విడిగా నేర్పడం. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై నాలుగు నెలల దాకా సాగుతాయి, పార్వో అనే అంటు వైరస్ జబ్బు వచ్చిందంటే ఒకదానితో ఆగదు, రెండు సెలైన్ సీసాలు పక్కపక్కన వేలాడతాయి. నన్నడిగితే మొదటిదానికి ఏడాది, ఏడాదిన్నర వయసొచ్చి మాట వినడం వచ్చాక రెండోదాన్ని తెచ్చుకోవడం నయం, అప్పుడు పెద్దదాన్ని చూసి చిన్నది సగం నేర్చేసుకుంటుంది. రాత్రి ఏడుపు అంటారా, మొదటి కొన్ని రాత్రులు దాని పక్కబట్ట మీ మంచం పక్కనే వేసి చెయ్యి కిందికి వేలాడేసి పడుకుంటే చాలావరకు తగ్గిపోతుంది.

శివరాత్రి వెళ్ళిన వారానికి వాళ్ళు ఎర్రదాన్ని పైకి తీసుకెళ్ళారు. నల్లదాన్ని గేటు పక్క ఇస్త్రీ బండి ఆయన ఉంచేసుకున్నాడు. సాయంత్రం ఎర్రది కిందికి దిగితే రెండూ ఓ పది నిమిషాలు ఇసక గుట్ట మీద దొర్లి, పాప "జున్నూ" అని పిలవగానే ఎర్రది మెట్లవైపు పరిగెడుతుంది. నల్లది బండి కిందకెళ్ళి బొగ్గుల బస్తా మీద పడుకుంటుంది.