నింజా ఆటలో జడ్జి కుర్చీ

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి అక్షరాలతో ఆడే రోల్‌ప్లేలో ఏ గొడవైనా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. దెబ్బ తగిలిందా, తప్పించుకున్నాడా? అది తేల్చేదెవరు? చదువులకీ ఉద్యోగాలకీ బెంగళూరు వచ్చిన తెలుగువాళ్లం కొందరం కలిసి ఆన్‌లైన్‌లో ఒక నింజా సమూహాన్ని కొన్నేళ్లు నడిపాం. అది బాగా సాగినప్పుడూ, చెదిరిపోయినప్పుడూ కారణం ఆ ప్రశ్నే. ఇప్పుడు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఇలాంటి సర్వర్లు, అంటే సమూహాలు, నడిపే కాలేజీ పిల్లలు మా పాతవాళ్లకి ఫోన్ చేసి అడిగేదీ అదే. అందుకే దాని వెనకున్న చరిత్ర ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఆట ఎలా ఉంటుందో చెప్పాలి. తెర మీద బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. ఒకరు రాస్తారు, అవతలివాళ్లు దానికి బదులు రాస్తారు. "కునాయ్ (నింజా కత్తి) విసిరాను, నీ భుజంలో దిగింది" అని రాయకూడదు. "నీ భుజానికి గురిచూసి కునాయ్ విసిరాను" వరకే నీ హక్కు. దిగిందో లేదో రాయాల్సింది అవతలివాడు. వాడు నిజాయితీగా ఆడితే ఇబ్బంది లేదు. ప్రతిసారీ "చెట్టు వెనక్కి దూకేశాను" అంటుంటే మాత్రం జడ్జి రావాలి. ఇద్దరి మధ్య దూరమెంత, చేతి ముద్రలు వేయడానికి అంత టైముందా, ఇప్పటిదాకా వాడిన జుత్సులకి (నింజా విద్యలకి) ఎంత చక్ర (లోపలి శక్తి) ఖర్చయింది? ఇందాక కాలికి గాయమైందని తనే రాసుకున్నాడు కదా, ఆ కాలితో అంత ఎత్తు దూకగలడా? ఇవన్నీ వెనక్కి వెళ్లి చదివి తీర్పు రాయాలి. పెద్ద పోరాటమైతే ఆ రాత్రికి జడ్జికి నిద్ర లేనట్టే. పైగా జీతం లేదు, ఓడినవాడి కోపం మాత్రం తప్పదు.

ఈ జడ్జి కుర్చీకి రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది. ప్రష్యా సైన్యం కోసం 1824లో రైస్విట్జ్ అనే అధికారి తీర్చిదిద్దిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడలో పటం, పాచికలు, నష్టాల పట్టికలతో పాటు ఒక అంపైర్ కూడా ఉండేవాడు. పట్టికలు వెతుక్కోవడంతోనే ఆట నత్తనడక నడుస్తోందని, 1876లో వెర్డీ డు వెర్న్వా అనే మరో అధికారి పాచికలూ పట్టికలూ పక్కన పెట్టి, అంతా అంపైర్ అనుభవానికే వదిలే పద్ధతి తెచ్చాడు. మేం ఆడింది సరిగ్గా ఆ పద్ధతే. కాకపోతే అక్కడ అంపైర్ అనుభవమున్న అధికారి, ఆయన మాటకి సైన్యంలో హోదా అండగా ఉండేది. మా దగ్గర జడ్జీ ఓడినవాడూ ఒకే వయసువాళ్లు, ఒక్కోసారి ఒకే పీజీలో ఉండేవాళ్లు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే ఆటలో పాచికలు మళ్లీ వచ్చాయి. కథ నడిపే మనిషి ఒకడున్నా, దెబ్బ తగలకపోతే నింద పాచిక మీదికి పోయేది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ చేసిన మడ్ అనే అక్షరాల కంప్యూటర్ ఆటలో తీర్పు ప్రోగ్రామ్ చేతికి వెళ్లింది. 1989లో అదే కోవలో వచ్చిన టైనీమడ్ పోరాటాలనే పక్కన పెట్టి, కలిసి మాట్లాడుకోవడానికీ ఆటలో సొంత గదులు కట్టుకోవడానికీ చోటిచ్చింది. అంతకు ముందు ఏడాదే ఐఆర్‌సీ అనే ఇంటర్నెట్ చాట్ పుట్టింది. ఇలాంటి చాట్‌రూముల్లో పెరిగిన స్వేచ్ఛా రోల్‌ప్లేలో పాచికా లేదు, ప్రోగ్రామూ లేదు. నింద మోసేది మనిషే. గొడవలకి అసలు మూలం ఇక్కడుందని నా నమ్మకం. ఆడేవాళ్లకి సహనం తగ్గిందనే వాదన నేను ఒప్పుకోను.

1999లో మసాషి కిషిమోటో నింజా కథ నరుటో మాంగాగా (జపాన్ బొమ్మల కథగా) మొదలైంది, 2002లో యానిమేగా (కార్టూన్ సీరియల్‌గా) వచ్చింది. జపాన్‌లోని ఇగా, కోగా ప్రాంతాల అసలు నింజాల విద్యల మీద 1676 నాటి బాన్సెన్షుకాయ్ అనే గ్రంథం ఉంది కానీ, మాలో ఎవరికీ దాని ఊసే తెలియదు. మాకు నింజా అంటే నరుటో కథలోని కోనోహా ఊరే. ఆ కథ సమూహాలకి ఒక నిచ్చెన తయారుగా ఇచ్చింది: అడుగున గెనిన్, ఆపైన చూనిన్, జోనిన్, అందరికీ పైన ఊరి పెద్ద కాగే. కొత్తగా చేరినవాడు ఏంచేయాలో, ఎలా ఎదగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, కథలో కాగే అయినవాడే బయట అడ్మిన్ కూడా అయ్యేవాడు. కథలోని తన ఊరి పోరాటానికి తనే తీర్పు చెప్తుంటే ఎవరు నమ్ముతారు?

ఇక బెంగళూరు సంగతి. 1996లో బ్రిగేడ్ రోడ్డులో మొదలైన కాఫీ డే కప్పు కాఫీతో పాటు ఇంటర్నెట్టూ అమ్మింది. 2004లో ఆర్కుట్ అనే సోషల్ సైట్ వచ్చింది. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక, రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా లెక్కలేని డౌన్‌లోడ్ ఇచ్చే ప్లాన్లతో యానిమే గదుల్లోకి చేరింది. మా సభ్యులు బీటీఎం, మారతహళ్లి, మడివాళ పీజీల్లో ఎక్కువ. శుక్రవారం రాత్రి మడివాళలో ఊళ్లకి బస్సులెక్కే టైముకి పోరాటాలన్నీ ఆగిపోయేవి. "మడివాళలో ఉన్నా, సోమవారం రాస్తా" అన్న మాటకి ఎవరూ అభ్యంతరం చెప్పేవాళ్లు కాదు. కథలో "ఏరా పిరికిపందా" అని తిట్టినవాడే, కింద "అన్నా ఏమనుకోకు, అది నా పాత్ర అన్నమాట" అని రాసేవాడు. ఆ ఒక్క వాక్యం ఎన్ని స్నేహాలు కాపాడిందో నాకు తెలుసు.

2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకి నిబంధనలు పెట్టింది. గుర్తింపు కార్డు, ఏడాది పాటు రికార్డులు, నాలుగున్నర అడుగులకి మించని అడ్డుగోడలు తప్పనిసరయ్యాయి. స్కూలు పిల్లలు కేఫ్‌కి రావడం కష్టమైంది, మాకు చిన్నవాళ్లు తగ్గారు. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడింది. మేం వాడుకున్న చోటూ ఆ తర్వాత మాయమైంది. పోయింది కథలొక్కటే అయితే మళ్లీ రాసుకునేవాళ్లం. తీర్పులన్నీ పోయాయి. "నీటి గోడ నిప్పుని ఎంతసేపు ఆపుతుంది" అని ఏడాది పాటు తర్జనభర్జన పడి తేల్చుకున్నవి కోర్టు పాత తీర్పుల్లా మాకు ఆధారం. అవి లేకపోయేసరికి, సద్దుమణిగిన తగాదాలన్నీ మొదటికొచ్చాయి. జడ్జీలు ఒక్కొక్కరే తప్పుకున్నారు.

2015లో వచ్చిన డిస్కార్డ్‌లో పాచిక వేసే బాట్లు (చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి కాబట్టి కొంత భారం తగ్గింది. పిల్లల విషయం మాత్రం బరువెక్కింది. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటల్ని నిషేధించింది. రెండిటి చూపూ ప్రధానంగా వ్యాపారం చేసేవాళ్ల మీదే. పదిహేనేళ్ల పిల్లకి రాత్రి పన్నెండింటికి వేధింపు మెసేజ్ వస్తే మొదట తెలిసేది మాత్రం సర్వర్ చూసుకునే కాలేజీ కుర్రాడికి. ఆ కుర్రాడికి పోరాటాల తీర్పులతో పాటు ఈ బాధ్యతా అప్పజెప్పి ఒంటరిగా వదిలేయకూడదని నేను గట్టిగా అంటాను.

మా పాతవాళ్లు నడిపే కొత్త సమూహంలో ప్రతి పోరాటానికి ఇద్దరు జడ్జీలు, ఇద్దరూ కథలో వేరే ఊళ్ల పాత్రలు ఆడేవాళ్లు. నెలకోసారి మారతారు. పిల్లల ఫిర్యాదులు చూసేవాళ్లకి తీర్పుల పని ఇవ్వరు. తీర్పులన్నీ మామూలు ఫైల్లో రాసి, ముగ్గురు తమ తమ కంప్యూటర్లలో దాచుకుంటున్నారు.