తాతయ్య పరుగు ఏటేటా ఎందుకు పెరుగుతోంది?

చిరంజీవి చిట్టికీ, చిట్టి జట్టుకీ,
తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నవ్వేసి ఊరుకున్నాను కానీ, ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. "తాతయ్యా, మిలటరీ కాలేజీలో మీ పరుగు ముందేమో పది కిలోమీటర్లు అన్నావు. పోయినేడు పన్నెండు అన్నావు. మొన్న మా ఫ్రెండ్స్ ముందు పదహారు అన్నావు. ఇప్పుడు అక్కడ సీనియర్లు చెయ్యి ఎత్తకూడదట, ఫోన్లు కూడా ఇస్తారట. కాలేజీ సులువైపోయిందా, నీ పరుగే పొడుగైపోతోందా?" అన్నావు.

ముందు పరుగు సంగతి తేల్చేస్తాను. అది పది కిలోమీటర్లే. ఇంకా గట్టిగా అడిగితే పదికి కాస్త తక్కువే. మిగతా ఆరూ రిటైరయ్యాక పరిగెత్తినవి, పడక్కుర్చీలో.

ఈ జబ్బు నాకొక్కడికే లేదు. అమెరికాలో వెస్ట్ పాయింట్ అని 1802లో పెట్టిన మిలటరీ కాలేజీ ఉంది. అక్కడ చదివి వెళ్ళిన పెద్దలు కలుసుకుంటే, మా తర్వాత కాలేజీ పాడైపోయిందని వాపోతారు. ఈ మాట ఎంత అరిగిపోయిందంటే, ఇప్పుడు సగం వాక్యం అని ఆపేస్తారు, మిగతా సగం అవతలివాడికి తెలుసు కాబట్టి. మేం చేరిన రోజు మా సీనియర్లూ "మీకేం తెలుసురా కష్టం" అన్నారు. వాళ్ళకి వాళ్ళ సీనియర్లు అదే చెప్పి ఉంటారు. ప్రతి ఏడూ నిజంగానే సులువవుతూ వచ్చి ఉంటే, ఈపాటికి క్యాడెట్లు, అంటే అక్కడ శిక్షణ పొందే కుర్రాళ్ళు, ఉయ్యాల్లో పడుకుని పాసైపోతుండాలి.

సులువు సంగతి వచ్చినప్పుడల్లా నాకు సైకిల్ గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లల సైకిల్ లేదు, మా నాన్నగారి సైకిలే. సీటు నా భుజం దాకా వచ్చేది. ఎక్కి కూర్చుంటే కాళ్ళు అందవు. అందుకని బార్ కింద నుంచి కుడికాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి, పెడల్ని సగం తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పుకుంటూ కుంటికుంటి తొక్కుడు తొక్కేవాణ్ణి. అడ్డతొక్కుడు అనేవాళ్ళం. బ్రేకు పడితే పడింది, లేకపోతే గోడే బ్రేకు. నా ఎడమ మోకాలి మీద మచ్చ ఉందే, యుద్ధంలో తగిలిందని నువ్వు స్నేహితులకి చూపించావే, అది ఆ గోడది. అప్పుడే చెబుదామనుకున్నాను, నీ ముఖంలో గర్వం చూసి నోరు రాలేదు.

మరి నీ సైకిల్? నీ ఎత్తుకి తగ్గది, పక్కన రెండు చిన్న చక్రాలు, మోకాళ్ళకి తొడుగులు, నెత్తిన హెల్మెట్. నువ్వు ఒక్కసారి కూడా పడలేదు. నేను కుర్చీలో కూర్చుని "ఇదేం నేర్చుకోవడం" అని సణిగాను. తర్వాత ఒక ఆదివారం మీ నాన్న పక్క చక్రాలు విప్పేశాడు. వెనక పట్టుకుని నాలుగడుగులు నడిచి, నీకు చెప్పకుండా వదిలేశాడు. హ్యాండిల్ వణికింది. నీ పెదాలు బిగుసుకున్నాయి. అరవై ఏళ్ళ కిందట నా చేతుల్లో వణికిన హ్యాండిలే అది. హెల్మెట్ పెట్టుకున్నంత మాత్రాన ఆ వణుకు తగ్గలేదు.

అప్పుడు తెలిసింది నాకు, మచ్చ వేరు, బ్యాలెన్స్ వేరని. రెండూ ఒకేసారి వచ్చాయి కాబట్టి మచ్చే నాకు బ్యాలెన్స్ నేర్పిందని అన్నేళ్ళూ అనుకున్నాను.

మిలటరీ కాలేజీలో మచ్చలంటే ఏమిటో చెబుతాను. మంచినీళ్ళ సంగతే తీసుకో. కవాతులో, పరుగులో నీళ్ళు అడిగితే చేతకానివాడని ఒకప్పుడు లెక్క. దాహానికి ఓర్చుకుంటే ఒళ్ళు అలవాటు పడుతుందని పెద్దపెద్ద అధికారులే నమ్మేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఎడారి ఎండలో మనుషుల్ని నడిపించి, చెమట ఎంత పోతోందో, నీళ్ళు ఎంత తాగుతున్నారో కొలిచారు. నీళ్ళు లేకుండా ఉండటం ఒంటికి ఎంతకాలమైనా అలవాటు కాదని తేలింది. పోయిన చెమటకి బదులు నీళ్ళు పడాల్సిందే. 1950లలో అమెరికా మెరైన్ల శిక్షణలో ఎండదెబ్బలు తగ్గించడానికి, వేడినీ తేమనీ ఎండనీ గాలినీ కలిపి ఒకే అంకెగా కొలిచే పద్ధతి తయారుచేశారు. ఆ అంకెను బట్టి మైదానంలో రంగు జెండా ఎగరేస్తారు. నల్ల జెండా లేచిందంటే భారీ కసరత్తు బంద్. దాన్ని చూస్తే నాలాంటి ముసలి సైనికుడికి చిరాకే. మా రోజుల్లో జెండాలెక్కడివి అని నోటిదాకా వస్తుంది. కానీ ఎండకి పడిపోయిన కుర్రాణ్ణి స్ట్రెచర్ మీద మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, అందుకే ఆ మాట మింగేస్తాను.

ఇంకో మచ్చ సీనియర్లది. 1899లో డగ్లస్ మెకార్థర్ అనే కుర్రాడు వెస్ట్ పాయింట్‌లో చేరాడు. తండ్రి జనరల్ కాబట్టి సీనియర్లు వాణ్ణి మరీ ఏడిపించారు. ఒక రాత్రి గంటసేపు గుంజీళ్ళు తీయించారు. గదికి వచ్చి పడిపోతే ఒళ్ళంతా వణుకు. కాళ్ళు నేలకి కొట్టుకునే చప్పుడు బయటికి వినపడకుండా కింద దుప్పటి వేయమని తోటివాణ్ణి అడిగాడట. 1900లో అక్కడి పాత క్యాడెట్ ఒకడు చనిపోయాడు. సీనియర్ల హింసే కారణమని తల్లిదండ్రులు అనడంతో పెద్ద విచారణ జరిగింది. 1901లో చట్టం కూడా వచ్చింది. అసలు కథ ఆ తర్వాత ఉంది. ఆ మెకార్థరే 1919లో అదే కాలేజీకి అధిపతిగా తిరిగొచ్చాడు. కొత్త క్యాడెట్ల వేసవి శిక్షణను సీనియర్ల చేతుల్లోంచి తీసి అధికారులకి అప్పజెప్పాడు. అందరూ ఆటలు ఆడాల్సిందే అన్నాడు. క్యాడెట్లు పేపర్ చదువుకోవచ్చన్నాడు. దానికి పాతవాళ్ళు మండిపడ్డారు. "నేను పడ్డాను కాబట్టి నువ్వూ పడు" అనాల్సిన మనిషి అలా అనకపోవడమే వాళ్ళకి కోపం. ఆయన వెళ్ళగానే కొన్ని మార్పులు తీసేశారు కూడా. తర్వాత మెల్లగా తిరిగొచ్చాయి.

నేను మెకార్థర్‌నేం కాదు. మా సీనియర్లు రాత్రిళ్ళు లేపి ఫ్రంట్ రోల్స్, అంటే ముందుకు పల్టీలు, వేయించేవాళ్ళు, దాన్ని రగ్డా అంటారు. వెన్నంతా గీసుకుపోయేది. మరుసటి ఏడు మా వంతు వచ్చాక నేనూ అదే చేశాను. ఏ పుస్తకంలోనూ రాయని సంగతిది, నీకే చెబుతున్నాను. ఒక జూనియర్ కుర్రాడికి పాదాల మీద బొబ్బలు పుండ్లయ్యాయి. చెబితే రగ్డా ఎక్కువవుతుందని వాడు బూట్లలో దాచుకుని వారం రోజులు పరిగెత్తాడు. చివరికి ఆసుపత్రిలో పడ్డాడు. చూడ్డానికి వెళితే మంచం మీదే అటెన్షన్‌లోకి వచ్చి "అంతా బాగుంది సార్" అన్నాడు. నేను వాడికి నేర్పిన విద్య అది, అబద్ధం ఆడటం. అబద్ధం ఆడే అలవాటున్న అధికారి రేపు సరిహద్దులో "దారి బాగుంది" అని రిపోర్ట్ ఇస్తే వెనక నడిచేవాళ్ళ గతేమిటి? ఆ మంచం పక్కన నిలబడ్డ రోజు తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా సీనియర్లయితే ఈ పేరా ఇంకోసారి చదవండి.

కాబట్టి మచ్చలు తగ్గాయి. తగ్గాలి కూడా. మరి బ్యాలెన్స్?

అది తగ్గిందంటే నేను ఒప్పుకోను. మన ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్ళు, ఆరు టర్ములు. పొద్దున్న పీటీ, డ్రిల్లు, తర్వాత మామూలు కాలేజీలాగే డిగ్రీ క్లాసులు, సాయంత్రం ఆటలు. డిగ్రీ జవాహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీది. బీటెక్ కూడా పెట్టారు. మాకు లేని కంప్యూటర్లు, మాకు లేని సబ్జెక్టులు వచ్చి చేరాయి. రోజుకి గంటలు మాత్రం అవే ఇరవై నాలుగు. అవన్నీ ఎక్కడ పడతాయి? నిద్ర మీద పడతాయి. 2000 తర్వాత వెస్ట్ పాయింట్‌లో క్యాడెట్ల నిద్రను నాలుగేళ్ళ పాటు లెక్కపెట్టారు. చదువు రోజుల్లో రాత్రి నిద్ర ఐదున్నర గంటల లోపే ఉందని తేలింది. చుట్టూ ఎన్ని సౌకర్యాలున్నా ఆ వయసు పిల్లలకి ఆ నిద్ర చాలదు.

ఫోన్ సంగతి అడిగావు. మా రోజుల్లో ఇంటి నుంచి ఉత్తరం పది రోజులకి వచ్చేది. అమ్మకి జ్వరం అని చదివేసరికి అమ్మకి జ్వరం తగ్గిపోయి ఉండేది. ఇప్పటి క్యాడెట్ ఫోన్ చేతికిచ్చిన ఆ కాసేపట్లో అమ్మ దగ్గు వింటాడు. ఫోన్ ఇచ్చేసి, ముఖం తుడుచుకుని, ఫాలిన్‌కి, అంటే వరుసలో నిలబడే చోటికి, వెళ్ళి నిటారుగా నిలబడతాడు. ఇది సులువో కష్టమో నేను తేల్చలేను. నేనైతే ఏడ్చేసేవాణ్ణి.

అమ్మాయిలు చేరాక సులువైందనే గొణుగుడు కూడా ఉంది. అదీ పాతదే. వెస్ట్ పాయింట్‌లో 1976లో 119 మంది అమ్మాయిలు చేరితే 1980లో 62 మంది పట్టా పుచ్చుకున్నారు. మన అకాడమీలో 2022లో మొదటి జట్టుగా 19 మంది చేరారు. 2025 మే నెలలో 17 మంది పాసై బయటికొచ్చారు. తెల్లవారుజామున మోగే విజిల్ ఎవరికైనా ఒకేలా వినపడుతుంది. ఇంతకన్నా దీని మీద చెప్పడానికేం లేదు.

ఇంకో పెద్ద సంగతి మర్చిపోయాను. సైకిల్ నేర్చుకున్న మర్నాడే మా నాన్నగారు మా చెల్లిని క్యారేజీ మీద కూర్చోబెట్టారు. అంతకుముందు పడితే నా మోకాలే. ఇప్పుడు పడితే దాని తల. ఒక్కసారిగా హ్యాండిల్ బరువెక్కింది. క్యాడెట్ నేర్చుకునేది కూడా తనొక్కడు తొక్కడానికి కాదు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకే ముప్పై మందిని క్యారేజీ మీద ఎక్కించుకోవడానికి. వాళ్ళలో కొందరు తనకన్నా పదేళ్ళు పెద్ద, యుద్ధం చూసినవాళ్ళు. ముప్పై మంది ఎక్కితే సైకిల్ ఏమవుతుందని నువ్వు అడుగుతావు. టైరు పేలుతుంది, రిమ్ము వంగుతుంది, నా పోలిక కూడా అక్కడే ఆగిపోతుంది. తొక్కేవాడు మాత్రం ఆగకూడదు. అది ఎలా వీలవుతుందో ముప్పై ఏళ్ళు యూనిఫాం వేసుకున్న నాకూ పూర్తిగా అర్థం కాలేదు. పందొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి తీసుకుని, అంతమంది ప్రాణాలు వాడి చేతిలో పెట్టడానికి మూడు నాలుగేళ్ళలో సిద్ధం చేస్తారు. ఎక్కువమంది సిద్ధమవుతారు కూడా. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా మాట మీద ఆధారపడకు. నా కిలోమీటర్ల సంగతి నీకు తెలిసిందే కదా. మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా అన్నయ్యో అక్కయ్యో అకాడమీలో ఉంటే, సెలవులకి వచ్చినప్పుడు వెళ్ళి చూడండి. ఎన్ని పుషప్స్ తీస్తావని అడక్కండి, అది అందరూ అడిగేదే. మొదటి రోజు చుట్టాలు చుట్టూ చేరతారు, కబుర్లు చెబుతూ కూర్చుంటారు. మీరు మూలన నిలబడి గమనించండి. మాట మధ్యలో, కుర్చీలో, వీపు నిటారుగా ఉండగానే కళ్ళు మూతలు పడతాయి. షూస్ కూడా విప్పకుండా నిద్రపోతారు. ఫ్యాన్ కాస్త పెంచి, చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చెయ్యండి. లేచాక, అక్కడ ఇప్పుడు నిజంగా ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తిస్తున్నారో అడిగి నాకు రాయి.

మీ తాతయ్య